పసుపు రంగు గడి

తిరువూరులో ఒక మామిడి షావుకారు ఉండేవాడు. విజయవాడ నుంచి మైలవరం మీదుగా భద్రాచలం వైపు వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఆయన మండి. ఏప్రిల్ వచ్చిందంటే చుట్టుపక్కల తోటల నుంచి బంగినపల్లి కాయ ట్రాక్టర్లలోనూ ఆటోల్లోనూ వచ్చి దిగేది. కాటా వేయాలి, ధర కట్టాలి, ఇచ్చిన అడ్వాన్సు కోసుకోవాలి, మిగిలింది రైతు చేతిలో పెట్టాలి, పొద్దు గూకేలోపు కాయను లారీకి ఎత్తించాలి. జూన్ నెలాఖరు దాకా ఆ మండిలో ఎవరికీ నడుం వాల్చే తీరిక ఉండేది కాదు.

లెక్కలు రాయడానికి ఒక ముసలి గుమస్తా ఉండేవాడు. షావుకారు తండ్రి కాలం నుంచీ ఆయనే. ఎర్రగుడ్డ అట్ట వేసిన చిట్టాలో అంకెలు వేసి, పేజీ అడుగున కూడిక రాసి, ఆ కూడికను కింద నుంచి పైకి ఇంకోసారి సరిచూసుకుంటే గానీ పుస్తకం మూసేవాడు కాదు. అడ్వాన్సు బాగా తీసుకున్న రైతు పేరు పక్కన ఎర్ర సిరాతో సున్న చుట్టేవాడు. ఆ సున్న కనిపిస్తే పట్టీ, అంటే రైతుకిచ్చే లెక్క కాగితం, రాసేటప్పుడు మరింత జాగ్రత్తగా ఉండాలని ఆయన లెక్క. ఆయన రాసిన పట్టీ మీద రైతులెవరూ పేచీ పెట్టింది లేదు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి తిరువూరు కృష్ణా జిల్లా నుంచి కొత్త ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. ఆ మరుసటి ఏటి సీజనుకు షావుకారు మండిలోకి కంప్యూటరు తెచ్చాడు. విస్సన్నపేటలో కూడా ఒక కొట్టు తెరవడంతో చేతి లెక్క అందడం లేదు. విజయవాడలో కంప్యూటరు చదువు చదివిన మేనల్లుడు ఎక్సెల్‌లో పట్టీ షీటు తయారుచేసి ఇచ్చాడు. ఒక్కో రైతుకు ఒక్కో వరుస. ఆ వరుసలో రైతు పేరు, మొత్తం బరువు, తరుగు, నికర బరువు, కిలో ధర, సరుకు విలువ, కమీషన్, హమాలీ, అడ్వాన్సు, చిట్టచివరన చేతికి ఇవ్వాల్సిన సొమ్ము. పేర్లు ముందే ఎక్కించి ఉంచగా, మనిషి కొట్టాల్సినవి మూడే: బరువు, ధర, అడ్వాన్సు. మిగతా గళ్లలో సూత్రాలు ఉండేవి. అవి వాటంతటవే లెక్క కట్టేవి.

మొదటి వారంలోనే చిక్కు వచ్చింది. తొందరలో ఎవరో ఒకరు సూత్రం ఉన్న గడి మీద అంకె కొట్టేసేవారు. సూత్రం చెరిగిపోయి అంకె మిగిలేది. చూడటానికి అది సూత్రం ఇచ్చిన జవాబులాగే ఉండేది కాబట్టి ఎవరికీ తెలిసేది కాదు. రాత్రికి మొత్తాలు కుదరక గుమస్తా తల పట్టుకునేవాడు. షావుకారు మేనల్లుణ్ణి పిలిపించి, కొట్టాల్సిన గళ్లు తప్ప మరే గడి మీదా ఎవరి చెయ్యీ పడకుండా చూడమన్నాడు.

మేనల్లుడికి ఆ విద్య తెలుసు. ఎక్సెల్‌లో ప్రతి గడీ తాళం గుర్తుతోనే పుడుతుంది, కానీ షీటుకు రక్షణ పెట్టినప్పుడే ఆ తాళం పనిచేస్తుంది. కాబట్టి కొట్టాల్సిన గళ్లకు ముందు తాళం తీసేసి, ఆ తరువాత షీటుకు పాస్‌వర్డుతో రక్షణ పెట్టాలి. అయితే వారానికో కొత్త షీటు, షీటుకు వందల వరుసలు. ఆ గళ్లన్నీ చేత్తో ఎంచి తాళాలు తీయడం అతనికి విసుగనిపించింది. ఆ పని తనంతట తనే చేసే చిన్న ప్రోగ్రాము, మాక్రో, రాశాడు. 1993 నుంచీ ఎక్సెల్‌లో ఉన్న విజువల్ బేసిక్‌లో నాలుగు ముక్కలు రాస్తే పని అయిపోయింది. పొద్దున ఫైలు తెరవగానే ఆ మాక్రో ఒక్కో గడినీ చూసుకుంటూ పోయేది. పసుపు రంగు నింపి ఉంటే తాళం తీసేది. వేరే రంగున్నా, అసలు రంగు లేకపోయినా తాళం వేసేది. అంతా అయ్యాక షీటుకు రక్షణ పెట్టేది.

ఇక మేనల్లుడు చేయాల్సిందల్లా కొట్టాల్సిన గళ్లకు పసుపు వేయడమే. మాక్రో ఆ రంగును ఒక సంఖ్యగా చదివేది. పచ్చి పసుపుకు కంప్యూటరు లెక్కలో 65535 అనే సంఖ్య ఉంది. ఆ సంఖ్య కనిపించిన గడి తెరుచుకునేది. పనివాళ్లకు చెప్పాల్సిందీ ఒక్క ముక్కే, పసుపు ఉన్నచోటే కొట్టమని. చదువు రానివాళ్లకూ అది అర్థమయింది. షావుకారు సంతోషించి మేనల్లుడికి కొత్త ఫోను కొనిపెట్టాడు.

కాటా దగ్గర గంపలగూడెం నుంచి బస్సులో వచ్చే ఒక కుర్రాడు పనిచేసేవాడు. చురుకైనవాడు. రక్షణ పెట్టిన షీటులో ట్యాబ్ మీట నొక్కితే తాళం లేని గడికే దూకుతుందని రెండు రోజుల్లో కనిపెట్టాడు. బరువు కొట్టి ట్యాబ్ నొక్కితే ధర గడి, ధర కొట్టి ట్యాబ్ నొక్కితే అడ్వాన్సు గడి, మళ్లీ నొక్కితే కింది వరుసలో తరువాతి రైతు బరువు గడి. కుడి చెయ్యి అంకెల మీద, ఎడమ చెయ్యి ట్యాబ్ మీద, కళ్లు కాటా మీద పెట్టి, తెర వంక చూడకుండానే పని లాగించేవాడు. ముందు గంట పట్టే పని అరగంటలో తెమిలేది.

గుమస్తాకు మాత్రం ఒక వెలితి మిగిలింది. ఎర్ర సిరా సున్న చుట్టే వీలు కంప్యూటరులో లేదు. రక్షణ పెట్టిన షీటు రంగు కూడా వేయనిచ్చేది కాదు. ఆయన అడగగా మేనల్లుడు షీటుకు రక్షణ పెట్టేచోట చిన్న మార్పు చేశాడు. తాళం ఉన్న గడిలో అంకె మార్చే వీలు ఇవ్వకుండా, దానికి రంగు వేసుకునే వీలు మాత్రం ఇచ్చాడు. రంగు వేస్తే లెక్క మారదు కదా అనుకున్నాడు. షావుకారూ అదే అనుకున్నాడు.

గుమస్తా ముందు ఎరుపు వేసి చూశాడు. అంకె కనపడలేదు. పసుపు వేశాడు. అంకె స్పష్టంగా కనిపించింది, పైగా శుభం. ఆ రాత్రి అడ్వాన్సు ఎక్కువ ఉన్న రైతుల వరుసలన్నీ వెతికి, వాళ్ల చేతికి ఇవ్వాల్సిన సొమ్ము గళ్లకు పసుపు పూసి, తన పద్ధతి కంప్యూటరులోకి కూడా వచ్చిందని తృప్తిపడి ఇంటికి వెళ్లాడు.

ఆ రాత్రి ఏమీ కాలేదు. రంగు మారినంత మాత్రాన మాక్రో కదలదు. తెల్లవారి ఫైలు తెరిచినప్పుడు మాక్రో లేచి ఒక్కో గడినీ చూసుకుంటూ వెళ్లింది. గుమస్తా పసుపు పూసిన గళ్లూ దాని కంటపడ్డాయి. వాటి తాళాలూ తీసేసింది. అప్పుడు ఆ గళ్ల మూలన గోరంత ఆకుపచ్చ త్రికోణం ఒకటి మొలిచింది. సూత్రం ఉన్న గడికి తాళం లేకపోతే ఎక్సెల్ పెట్టే హెచ్చరిక అది. ఆ సంగతి మండిలో ఎవరికీ తెలియదు. తెర మీద ఏదో మరక అనుకుని గుమస్తా పైపంచె అంచుతో తుడిచి ఊరుకున్నాడు.

ఆ రోజే మల్లేల నుంచి ఒక రైతు మహిళ కాయ తెచ్చింది. భర్త పోయాక రెండెకరాల తోటను తనే చూసుకుంటున్న మనిషి. పూత మీద మందులు కొట్టించడానికీ, కూతురి కాలేజీ ఫీజుకూ కలిపి సంక్రాంతి ముందు ముప్పై వేలు అడ్వాన్సు తీసుకుంది. ఆ రోజు కాయ 2,400 కిలోలు తూగింది. తరుగు 120 కిలోలు పోగా 2,280 కిలోలు. కిలో 18 రూపాయల చొప్పున 41,040 రూపాయలు. కమీషన్ 2,052, హమాలీ 600, అడ్వాన్సు 30,000 పోగా ఆమె చేతికి 8,388 రూపాయలు రావాలి. కాటా కుర్రాడు బరువు, ధర, అడ్వాన్సు మూడూ సరిగ్గానే కొట్టాడు. సూత్రం కూడా 8,388 అని సరిగ్గానే చూపించింది.

అప్పుడు కుర్రాడు అలవాటు చొప్పున ట్యాబ్ నొక్కాడు. రోజూ కింది వరుసకు దూకేది ఆ రోజు దూకలేదు. అదే వరుసలో, కొత్తగా తాళం ఊడిన చివరి గడిలో ఆగింది. కుర్రాడి కళ్లు కాటా మీద ఉన్నాయి. తరువాతి రైతు కాయ 3,150 కిలోలు తూగింది. ఆ అంకె కొట్టాడు. తల తిప్పి తెర చూస్తే తరువాతి రైతు వరుసలో బరువు పడలేదు. మీట సరిగ్గా నొక్కలేదనుకుని ఆ వరుసలోకి వెళ్లి 3,150 మళ్లీ కొట్టాడు. మొదట కొట్టిన అంకె ఎక్కడికి పోయిందో చూడలేదు. వెనక బండ్లు బారులు తీరి ఉన్నాయి.

సాయంత్రం ఆమె చేతికి పట్టీ వచ్చింది. దాని మీద బరువు, తరుగు, విలువ, కమీషన్, హమాలీ, అడ్వాన్సు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరి అంకె మాత్రం 3,150. షావుకారు ఆ అంకె చూసి, పెద్ద అడ్వాన్సు కదా, మిగిలేది అంతే ఉంటుందనుకుని డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. ఆమె బస్సు వేళ మించిపోతోందని డబ్బు కొంగున ముడివేసుకుని వెళ్లిపోయింది.

రాత్రి కూతురు పట్టీ తీసుకుని దాని వెనక లెక్క వేసింది. 5,238 రూపాయలు తక్కువ. మర్నాడు తల్లి పట్టీ పట్టుకుని మండికి వచ్చి సంగతి చెప్పింది. షావుకారు చెడ్డవాడు కాదు. కానీ కంప్యూటరు లెక్కకు తాళం ఉందనీ, దాని మీద ఎవరి చెయ్యీ పడే వీలు లేదనీ, తప్పు ఆమె లెక్కలోనే ఉంటుందనీ చెప్పి పంపేశాడు. చేతి లెక్క రోజుల్లో అయితే ఆయన వెంటనే చిట్టా తెరిపించి ఉండేవాడు. తాళం ఉందన్న ధీమా ఆయన చేత షీటు కూడా తెరిపించలేదు.

ఆమె మూడో రోజు మళ్లీ వచ్చింది. ఎవరితోనూ తగువు పడలేదు. మండి అరుగు మీద కూర్చుంది. మధ్యాహ్నం కావస్తుండగా ముసలి గుమస్తా ఆమె దగ్గరకు వచ్చి పట్టీ అడిగి తీసుకున్నాడు. పాత అలవాటు కొద్దీ కింద నుంచి పైకి కూడాడు. చేతికిచ్చిన 3,150, అడ్వాన్సు 30,000, హమాలీ 600, కమీషన్ 2,052. అంతా కలిపితే 35,802 వచ్చింది. పైన సరుకు విలువ 41,040 అని ఉంది. ఆయన ఇంకోసారి కూడాడు. అంతే వచ్చింది. పట్టీ పట్టుకుని లోపలికి వెళ్లి షావుకారు ముందు పెట్టాడు.

షావుకారు అప్పటికప్పుడు 5,238 రూపాయలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆ తరువాత ఆయనకు కోపం వచ్చింది. షీటు తెరిచి చూస్తే ఆ గడిలో సూత్రం లేదు, ఉత్త అంకె ఉంది. తాళం ఉన్న గడిలో అంకె పడిందంటే పాస్‌వర్డు ఎవరో దొంగిలించారనుకున్నాడు. కంప్యూటరు ముందు రోజంతా కూర్చునేది కాటా కుర్రాడొక్కడే. అందరూ చూస్తుండగా వాణ్ణి పనిలోకి రావద్దన్నాడు. కుర్రాడికి ఏం చెప్పుకోవాలో తెలియలేదు. టవలు భుజాన వేసుకుని గంపలగూడెం బస్సెక్కాడు.

ఆదివారం మేనల్లుడు విజయవాడ నుంచి వచ్చి షీటు ముందు కూర్చున్నాడు. ఆ 3,150 తరువాతి రైతు బరువేనని చూడగానే గుర్తుపట్టాడు. దొంగ చేసిన పని అయితే అంకె అలా కలవదు. ఇది చెయ్యి జారిన పని. కానీ తాళం ఉన్న గడిలోకి చెయ్యి ఎలా జారుతుంది? షీటంతా తిరిగి చూస్తే కొన్ని గళ్ల మూలన ఆకుపచ్చ త్రికోణాలు కనిపించాయి. ఆ గళ్లన్నిటికీ పసుపు పూసి ఉంది. ఎవరు పూశారని విచారిస్తే గుమస్తా ముందుకు వచ్చాడు. ఎవరి లెక్క తప్పకూడదని తను గుర్తు పెట్టాడో వాళ్ల లెక్కే తప్పిందని తెలిసి ఆ ముసలాయన ఆ పూట అన్నం ముట్టలేదు. షావుకారు బండి తీసుకుని స్వయంగా గంపలగూడెం వెళ్లి, కుర్రాడి తల్లి ఎదుట తప్పు ఒప్పుకుని, వాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు.

మేనల్లుడికి తప్పు రంగుదని తోచింది. పచ్చి పసుపు అందరూ వాడే రంగు కాబట్టి చిక్కు వచ్చిందనుకున్నాడు. రంగుల పెట్టెలోంచి ఎవరూ ముట్టని లేత బంగారు రంగు ఏరి, కొట్టాల్సిన గళ్లకు వేసి, మాక్రోలో ఆ రంగు సంఖ్య రాశాడు. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒక రోజు గుమస్తాకు సాయం చేసే మరో కుర్రాడికి పచ్చి పసుపు కళ్లలో గుచ్చుకున్నట్టు అనిపించి, తన గుర్తులకు మెత్తని రంగు కోసం వెతికాడు. లేత బంగారు రంగే దొరికింది. మర్నాడు మళ్లీ తాళాలు ఊడాయి.

మరో పక్క నుంచి ఇంకో చిక్కు. కొన్ని బరువులు వేబ్రిడ్జి నుంచి వేరే ఫైలులో వచ్చేవి. వాటిని ఎత్తి తెచ్చి షీటులో అతికిస్తే అంకెలతో పాటు అక్కడి తెల్ల రంగూ అతుక్కునేది. మర్నాడు మాక్రో ఆ గళ్లను చూసి, బంగారు రంగు లేదు కాబట్టి తాళం వేసేది. బరువు దిద్దుకోవాల్సిన గళ్లే మూసుకుపోయేవి. విస్సన్నపేట కొట్టుకు ఫైలు మెయిల్‌లో పంపితే అక్కడ మాక్రో అసలు లేవలేదు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలు నడవకుండా మైక్రోసాఫ్ట్ 2022 నుంచి అడ్డుకట్ట వేసింది. అక్కడివాళ్లు కొత్త వరుసలకు రంగు వేసినా గళ్లు తెరుచుకోలేదు. ఒకే రంగు తిరువూరులో తెరిచి ఉందని చెప్పింది, విస్సన్నపేటలో ఏమీ చెప్పలేదు.

మేనల్లుడు విసిగిపోయి, రంగు వేసే వీలే తీసేశాడు. గుమస్తా తన గుర్తులను కాగితం ముక్కల మీద రాసి డ్రాయరులో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒక కాగితం గాలికి పోయింది. ఒక రైతు అడ్వాన్సు కోసుకోకుండానే డబ్బు వెళ్లిపోయింది. ఈసారి నష్టం షావుకారుది. రంగు ఉంటే ఒక ముప్పు, లేకపోతే ఇంకో ముప్పు అని ఆయన తల కొట్టుకున్నాడు.

ఆ వారంలో షావుకారు రెడ్డిగూడెం వైపు ఒక తోట కోతకు వెళ్తూ మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాడు. అన్నదమ్ముల తోట అది. కొన్ని చెట్ల కాపు ఈ షావుకారు కొన్నాడు, కొన్ని చెట్లది వేరే వ్యాపారి కొన్నాడు. ఈయన కొన్న చెట్ల మొదళ్లకు సున్నంతో గీత గీసి ఉంది. తోటలో ఒక ముసలి కాపలాదారు ఉన్నాడు.

కోత కూలీలు సున్నం గీత ఉన్న ఒక చెట్టు ఎక్కబోతే కాపలాదారు ఆపాడు. తలగుడ్డలోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. ఏ వరుసలో ఎన్నో చెట్టు ఎవరిదో బేరం నాడు రాసుకున్న కాగితం అది. ఆ చెట్టు అందులో షావుకారు పేరున లేదు. గీత కిందటేటిది, చెరగకుండా ఉండిపోయింది. కాపలాదారు కొడవలి మొనతో ఆ గీత గీకేశాడు. కాస్త దూరంలో ఇంకో చెట్టుకు వాన దెబ్బకు సున్నం కొట్టుకుపోయి ఉంది. కూలీలు దాన్ని వదిలేసి పోతుంటే మళ్లీ కాగితం చూసి, అది షావుకారుదేనని చెప్పి కోయించాడు. కోత కాగానే డబ్బాలో సున్నం తెచ్చి ఆ చెట్టుకు కొత్త గీత గీశాడు. కూలీలకు దారి చూపడానికి గీత ఉంది. కానీ కాపలాదారు కొడవలి ఎత్తినా, సున్నం డబ్బా ఎత్తినా కాగితం చూశాకే ఎత్తాడు.

మేనల్లుడు ఆ కాగితం వంకా గీత వంకా చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఇంటికి వచ్చాక ఆ రాత్రే మాక్రో చెరిపేసి కొత్తగా రాశాడు.

ఫైలులో వేరే షీటు ఒకటి పెట్టి, కొట్టాల్సినవి బరువు, ధర, అడ్వాన్సు అని మూడు వరుసల్లో జాబితా రాశాడు. ఆ జాబితా షీటును మార్చే పాస్‌వర్డు షావుకారు దగ్గర ఉంచాడు. పొద్దున ఫైలు తెరవగానే కొత్త మాక్రో ముందు అన్ని గళ్లకూ తాళం వేసింది. జాబితా చదివింది. అందులో ఉన్న గళ్లకు మాత్రమే తాళం తీసింది. అప్పుడు ఆ గళ్లకు తనే పసుపు వేసింది. ఎవరైనా ఏదైనా అతికించి రంగు పోగొట్టినా మర్నాటికి రంగు తిరిగి వచ్చేది, తాళం మాత్రం జాబితా ప్రకారమే ఉండేది. చివర్న సూత్రాలు ఉండాల్సిన ప్రతి గడిలోనూ సూత్రం ఉందో లేదో చూసింది. ఉత్త అంకె కనిపిస్తే ఆ గడి పేరు చెప్పి ఆగిపోయింది. విస్సన్నపేటకు మేనల్లుడే వెళ్లి, ఆ ఫైలు ఉండే ఫోల్డరును నమ్మకమైనదిగా చేర్చి వచ్చాడు.

తాళం గురించి కూడా మామయ్యకు అన్నీ విప్పి చెప్పాడు. షీటు రక్షణ చెయ్యి జారకుండా కాపాడటానికే గానీ, కావాలని తీసేవాణ్ణి ఆపడానికి కాదని మైక్రోసాఫ్ట్ వాళ్లే చెబుతున్నారనీ, అందుకే పట్టీ ఇచ్చేముందు గుమస్తా కింద నుంచి పైకి కూడి చూడటం మానకూడదనీ చెప్పాడు. షావుకారు ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచి గుమస్తా సంతకం లేకుండా మండి నుంచి పట్టీ బయటికి పోలేదు.

గుమస్తాకు రంగులు తిరిగి ఇచ్చారు. ఆయనకు ఇంకా భయం పోలేదు. పరీక్షగా ఒక రైతు చివరి గడికి పసుపు పూసి ఇంటికి వెళ్లాడు. తెల్లవారి వచ్చి ఆ గడి మీద అంకె కొట్టబోయాడు. గడి తెరుచుకోలేదు. మూలన ఆకుపచ్చ త్రికోణం కూడా లేదు. కాటా కుర్రాడు బరువు కొట్టి, ధర కొట్టి, అడ్వాన్సు కొట్టి, ట్యాబ్ నొక్కాడు. సూటిగా కింది వరుసకు దూకింది. జూన్ నెలాఖరున కాయ అయిపోయి మండి మూసేదాకా ఏ రైతూ పట్టీ పట్టుకుని వెనక్కి రాలేదు.

ఈ కథలోని నీతి ఇది. ఎవరికి దేని మీద హక్కు ఉందో ముందు తేల్చి రాసిపెట్టాలి, ఆ తరువాతే దానికి గుర్తు పెట్టాలి; గుర్తు చూసి హక్కు ఇచ్చే చోట రంగు వేయగలిగిన ప్రతివాడికీ, వాడికే తెలియకుండా, తాళంచెవి ఇచ్చినట్టే. కాబట్టి మాక్రో రాసేవారు గడి రంగును అడగకండి, జాబితాను అడగండి. లెక్కకు తాళం ఉంది కదా అని, పట్టీ చేత పట్టుకుని వచ్చిన మనిషి మాటను ఎన్నడూ తోసిపుచ్చకండి.